టైటానియం ఫ్రేమ్ సరే, లోపల గ్రెయిన్లు ఎటు చూస్తున్నాయి? అల్ట్రాసౌండ్‌తో మెటల్ టెక్స్చర్ కొలిచే పద్ధతి

ఫ్రెండ్స్, ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటా. 2023లో ఐఫోన్ 15 ప్రో వచ్చినప్పుడు "విమానాల్లో వాడే గ్రేడ్ 5 టైటానియం, కాబట్టి ఫ్రేమ్ గురించి దిగులే అక్కర్లేదు" అని రివ్యూలో ఒక లైన్ రాసి పడేశాను. ప్రచారంలో ఉన్న మాటనే కాస్త అటూ ఇటూ తిప్పాను, అంతే. కొన్నాళ్లకి ఇంజనీరింగ్ చదివే ఒక రీడర్ అడిగాడు: "అన్నా, అదే టైటానియం విమానం గాల్లో ఉండగానే విరిగింది కదా. మరి ఆ పేరు చూసి దిగులు అక్కర్లేదని ఎలా రాశారు?"

నా దగ్గర జవాబు లేదు. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, అసలు ప్రశ్న "ఏ మెటల్" అన్నదొక్కటే కాదని. ఆ మెటల్ లోపల స్ఫటికాలు ఎటు తిరిగి ఉన్నాయన్నది కూడా అంతే ముఖ్యం. దాన్ని కోయకుండా, కరిగించకుండా, బయటి నుంచి శబ్దం పంపి కొలవొచ్చు. ఈ ఆర్టికల్ దాని గురించే. కాస్త ఫిజిక్స్ ఉంటుంది, ఇంటర్ స్థాయి దాటదు.

గ్రీన్‌లాండ్ మంచు కింద దొరికిన ముక్క

2017 సెప్టెంబర్ 30. ఎయిర్ ఫ్రాన్స్ ఫ్లైట్ 66, ఎయిర్‌బస్ ఏ380, పారిస్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తోంది. గ్రీన్‌లాండ్ మీద ఉండగా కుడివైపు చివరి ఇంజిన్ ముందు భాగం మొత్తం ఊడిపోయింది. విమానాన్ని కెనడాలోని గూస్ బే దగ్గర క్షేమంగా దించారు, ఎవరికీ ఏమీ కాలేదు. విరిగింది ఫ్యాన్ హబ్, అంటే ఫ్యాన్ బ్లేడ్లన్నీ అమర్చే పెద్ద టైటానియం చక్రం. దాని ముఖ్యమైన ముక్క గ్రీన్‌లాండ్ మంచులో కూరుకుపోయింది. వెతికి వెతికి, దాదాపు రెండేళ్ల తర్వాత, 2019లో మంచు తవ్వి బయటికి తీశారు.

ఆ ముక్కని మైక్రోస్కోప్ కింద చూశాక, ఫ్రాన్స్ విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ బీఈఏ 2020లో ఇచ్చిన రిపోర్టు సారాంశం ఇది: పగులు మొదలైంది పైన గీత పడిన చోట కాదు, మెటల్ లోపల. అక్కడ ఒకే దిక్కుకి తిరిగి ఉన్న గ్రెయిన్లు గుంపుగా చేరాయి. దీన్ని మాక్రోజోన్ అంటారు. అల్లాయ్ ఏమిటంటే టైటానియం 6-4: 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం, మిగతాది టైటానియం. మనం గ్రేడ్ 5 అని పిలిచేది కూడా ఇదే!

కంగారు పడకండి. ఫోన్ ఫ్రేమ్ మీద జెట్ ఇంజిన్ ఫ్యాన్ మీద పడేంత లోడ్ ఎప్పుడూ పడదు. మీ ఫోన్ అలా పగలదు. నేను చెప్పేది ఒక్కటే. అల్లాయ్ పేరు ఒకటే అయినా, లోపలి అమరిక వేరైతే దాని ప్రవర్తన వేరు.

ఇక్కడ టెక్స్చర్ అంటే బ్యాక్ ప్యానెల్ కాదు

మన రివ్యూల్లో టెక్స్చర్ అంటే మ్యాట్ ఫినిషా, గ్లాసీనా, చేతికి గరుగ్గా ఉందా అని. మెటలర్జీలో ఆ మాటకి అర్థం వేరు. ఏ మెటల్ ముక్క తీసుకున్నా అది కొన్ని వేల, లక్షల చిన్న చిన్న స్ఫటికాల కుప్ప. ఒక్కో స్ఫటికాన్ని గ్రెయిన్ అంటాం. ఒక గ్రెయిన్ లోపల అణువులన్నీ ఒకే క్రమంలో పేర్చి ఉంటాయి. పక్క గ్రెయిన్‌లో క్రమం అదే, కానీ తిరిగి ఉన్న దిక్కు వేరు.

జాతరలో జనాన్ని ఊహించుకోండి. ఒకడు రంగులరాట్నం వైపు, ఒకడు మిర్చి బజ్జీల వైపు, ఇంకొకడు గుడి వైపు చూస్తుంటాడు. అదే జనాన్ని దర్శనం క్యూలైన్‌లో పెడితే అందరి మొహాలూ ఒకే వైపు ఉంటాయి. జాతర లాంటి మెటల్‌కి టెక్స్చర్ లేనట్టు. క్యూలైన్ లాంటి మెటల్‌కి టెక్స్చర్ బలంగా ఉన్నట్టు.

క్యూలైన్ ఎలా ఏర్పడుతుంది? మెటల్‌ని రోలర్ల మధ్య రేకుగా నలిపినా, అచ్చులోంచి రాడ్‌గా తోసినా, సుత్తితో ఫోర్జింగ్ చేసినా గ్రెయిన్లు నెమ్మదిగా ఒక దిక్కుకి తిరుగుతాయి. తర్వాత వేడి చేస్తే అమరిక మళ్లీ మారుతుంది. అంటే ఫ్యాక్టరీలో ఆ మెటల్ మీద ఏమేం చేశారో, ఆ చరిత్ర అంతా టెక్స్చర్‌లో మిగిలి ఉంటుంది.

దిక్కు మారితే శబ్ద వేగం ఎందుకు మారుతుంది

మీ దగ్గర కాటన్ కర్చీఫ్ ఉంటే ఇప్పుడే తీయండి. నిలువు పోగుల వెంబడి లాగండి, సాగదు. అడ్డ పోగుల వెంబడి లాగండి, సాగదు. ఇప్పుడు ఐమూలగా, మూల నుంచి మూలకి లాగండి. హాయిగా సాగుతుంది! గుడ్డ ఒకటే, దిక్కుని బట్టి బిగువు మారింది. స్ఫటికం కూడా ఇంతే. అణువుల మధ్య బంధాలు కొన్ని దిక్కుల్లో గట్టిగా, కొన్ని దిక్కుల్లో కాస్త మెత్తగా ఉంటాయి.

ఘన పదార్థంలో శబ్ద వేగం ఈ బిగువు మీదే ఆధారపడుతుంది. సూత్రం సింపుల్: బిగువుని (స్టిఫ్‌నెస్) సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. దిక్కు మారినా సాంద్రత మారదు కానీ బిగువు మారుతుంది, కాబట్టి వేగమూ మారుతుంది.

ఒకే స్ఫటికంలో అనుదైర్ఘ్య తరంగాల వేగాలు సుమారుగా ఇవి:

- రాగి: ఘనం (క్యూబ్) అంచు వెంబడి సెకనుకి 4,340 మీటర్లు, మూల నుంచి ఎదుటి మూలకి 5,150 మీటర్లు. తేడా 19 శాతం దాకా.
- అల్యూమినియం: 6,300, 6,500. తేడా 3 శాతం.
- టైటానియం: దీని స్ఫటికం ఆరు పలకల పెన్సిల్ ఆకారం. పెన్సిల్ అడ్డంగా 6,000, పొడవు వెంబడి 6,330. తేడా 5 శాతం పైనే.
- టంగ్‌స్టన్: ఏ దిక్కుకైనా దాదాపు ఒకే వేగం. కాబట్టి ఈ పద్ధతి దీని దగ్గర పనిచేయదు.

గ్రెయిన్లు జాతరలా ఉంటే ఈ తేడాలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుపోయి, అన్ని వైపులా సగటు వేగమే వస్తుంది. క్యూలైన్‌లా ఉంటే సగటు ఒక వైపు ఒరుగుతుంది. ఆ ఒరుగుడే మనం కొలవాల్సింది.

మొదటి పద్ధతి: ఒక పల్స్, ఒక ఎకో

అల్ట్రాసోనిక్ ఫింగర్‌ప్రింట్ సెన్సార్ మీకు తెలిసిందే. గెలాక్సీ ఎస్10 నుంచి చూస్తున్నాం. స్క్రీన్ కింద నుంచి అతిధ్వని పల్స్ వెళ్తుంది, వేలి గీతల నుంచి తిరిగొస్తుంది, ఆ ఎకోతో బొమ్మ తయారవుతుంది. మెటల్ దగ్గరా ఇదే ఐడియా. ఒక చిన్న ప్రోబ్, కాస్త జెల్, 5 మెగాహెర్ట్జ్ పల్స్. మన చెవికి వినిపించే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 20 కిలోహెర్ట్జ్ అనుకుంటే, ఇది దానికి 250 రెట్లు.

లెక్క చూద్దాం. 10 మిల్లీమీటర్ల మందం ఉన్న టైటానియం ప్లేట్. పల్స్ వెళ్లి రావడానికి 20 మిల్లీమీటర్ల ప్రయాణం. వేగం 6,000 అయితే 3.33 మైక్రోసెకన్లు పడుతుంది, 6,330 అయితే 3.16. తేడా దాదాపు 170 నానోసెకన్లు. ఇది స్ఫటికాలన్నీ పూర్తిగా ఒకే దిక్కుకి తిరిగిన పరిస్థితి. నిజమైన ప్లేట్‌లో తేడా ఇందులో కొంత భాగమే ఉంటుంది. అయినా సాధారణ డిజిటల్ ఆసిలోస్కోప్ 10 నానోసెకన్లకి ఒక శాంపిల్ తీసుకుంటుంది కాబట్టి పట్టుకోవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు. వేగం తెలియాలంటే దూరాన్ని కాలంతో భాగించాలి. దూరం అంటే ప్లేట్ మందం. మందం కొలతలో 1 శాతం తప్పు వస్తే వేగంలోనూ 1 శాతం తప్పు వస్తుంది. టెక్స్చర్ వల్ల వచ్చే తేడా కూడా అంతే ఉండొచ్చు! ఏది టెక్స్చర్, ఏది మన కొలత తప్పు అన్నది తేలదు.

రెండో పద్ధతి: మందంతో పని లేని ట్రిక్

నాకు బాగా నచ్చింది ఇదే. ఇందులో అనుదైర్ఘ్య తరంగం బదులు తిర్యక్ తరంగం వాడతారు. ఈ తరంగం ప్లేట్ లోతుకి ప్రయాణిస్తుంది కానీ కంపనం మాత్రం పక్కకి, అంటే ప్లేట్ ఉపరితలానికి సమాంతరంగా ఉంటుంది. ఆ కంపనం ఏ దిక్కున ఉండాలో ప్రోబ్‌ని తిప్పి మనమే నిర్ణయించవచ్చు.

ముందు కంపనం రోలింగ్ దిక్కులో ఉండేలా పెట్టి టైమ్ కొలుస్తారు. తర్వాత ప్రోబ్‌ని అక్కడికక్కడే 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలుస్తారు. రెండు తరంగాలూ అదే చోట, అదే మందం గుండా వెళ్లాయి. కాబట్టి రెండు టైమ్‌ల నిష్పత్తి తీస్తే మందం కొట్టుకుపోతుంది. నిష్పత్తి 1 కాకపోతే ఆ రెండు దిక్కుల్లో మెటల్ ఒకేలా లేదన్నమాట. దీన్ని అకౌస్టిక్ బైరిఫ్రింజెన్స్ అంటారు. కాల్సైట్ స్ఫటికంలోంచి చూస్తే అక్షరం రెండుగా కనిపిస్తుంది కదా, దానికి ఇది శబ్దంలో తోబుట్టువు.

ప్రోబ్‌ని సరిగ్గా 45 డిగ్రీల్లో పెడితే ఇంకా తమాషా. ఒక పల్స్ లోపలికి వెళ్తుంది, రెండుగా చీలి తిరిగొస్తుంది. ఒకటి ముందు, ఇంకొకటి కాస్త వెనక. మొదటి ఎకోలో ఆ ఎడం చాలా చిన్నది. కానీ పల్స్ ప్లేట్ లోపల అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. పదో ఎకో దగ్గరికి వచ్చేసరికి ఎడం పది రెట్లు పెరుగుతుంది. తిర్యక్ తరంగం వేగం 3,100 అనుకుంటే, 10 మిల్లీమీటర్ల ప్లేట్‌లో 1 శాతం తేడా మొదటి ఎకోలో దాదాపు 65 నానోసెకన్లు, పదో ఎకోలో 650.

ఇంకో సంగతి. మామూలు జెల్ తిర్యక్ కంపనాన్ని మోయలేదు, ఎందుకంటే పల్చటి ద్రవానికి పక్కకి బిగువు ఉండదు. అందుకే బాగా చిక్కటి పదార్థం కావాలి. ల్యాబుల్లో తేనె కూడా వాడతారు! అవును, సీసాలో ఉండే మామూలు తేనే.

రేకు కదులుతుండగానే కొలవాలంటే

ఫ్యాక్టరీలో అల్యూమినియం రేకు రోలర్ల మీద పరుగెడుతుంటే తేనె రాస్తూ కూర్చోలేం. అక్కడ ఈమ్యాట్ అనే ప్రోబ్ ఉపయోగపడుతుంది. అందులో ఒక అయస్కాంతం, ఒక కాయిల్ ఉంటాయి. కాయిల్‌లో కరెంట్ పల్స్ వెళ్తే మెటల్ ఉపరితలంలోనే ఎడ్డీ కరెంట్ పుడుతుంది, అయస్కాంత క్షేత్రం దాన్ని నెడుతుంది, మెటలే స్వయంగా కంపిస్తుంది. తాకాల్సిన పని లేదు, జెల్ అక్కర్లేదు. వైర్‌లెస్ ఛార్జర్ కాయిల్ గుర్తొచ్చిందా? దగ్గరి చుట్టమే.

రేకు వెంబడి తరంగాన్ని రోలింగ్ దిక్కుకి 0, 45, 90 డిగ్రీల్లో పంపి వేగాలు పోలుస్తారు. ఆ పోలికతో, ఈ రేకుని ప్రెస్‌లో గిన్నెలా లాగితే అంచు సమంగా వస్తుందా, లేక అలలు అలలుగా లేస్తుందా అన్నది ముందే అంచనా వేయొచ్చు. కూల్‌డ్రింక్ డబ్బాలకి ఇది పెద్ద తలనొప్పి, ఎందుకంటే లేచిన అంచుని కోసి పారేయాలి. మీ పవర్‌బ్యాంకులో ఉండే గుండ్రటి 18650 సెల్ డబ్బా కూడా ఇలా స్టీల్ రేకుని లోతుగా లాగి చేసిందే.

నేను చేసి చూస్తే

రాసే ముందు ఒక్కసారైనా చేత్తో చేయాలనిపించింది. తెలిసినవాళ్ల వర్క్‌షాప్‌లో అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్ ఒక సాయంత్రానికి అడిగి తెచ్చుకున్నా. మామూలుగా దానికి వేగం చెబితే మందం చూపిస్తుంది. నేను తిరగేసి వాడాను: వెర్నియర్‌తో మందం కొలిచి, గేజ్ కూడా అదే అంకె చూపించేదాకా వేగం సెట్టింగ్ మార్చాను. అప్పుడు అక్కడ ఉన్నదే ఆ మెటల్‌లో వేగం. శాంపిల్ ఏమిటంటే, ఎలక్ట్రికల్ షాపులో దొరికే రాగి బస్‌బార్ ముక్క.

ముందు మందం గుండా, తర్వాత వెడల్పు గుండా కొలిచాను. తేడా కొట్టొచ్చినట్టు వచ్చింది. ఎగిరి గంతేశాను. రాత్రి పడుకునే ముందు అనుమానం వచ్చి అంచుల్ని మళ్లీ చూస్తే, రంపంతో కోసిన అంచు ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా ఉంది. ఆకురాయితో సాపు చేసి మళ్లీ కొలిచాను. మొదటి తేడాలో చాలా భాగం మాయమైంది. అదంతా నా రంపం టెక్స్చర్, రాగిది కాదు! కానీ కొంత మిగిలింది. ఎన్నిసార్లు కొలిచినా అదే వైపు, దాదాపు అంతే. ఆ మిగిలినదాన్ని చూసినప్పుడు కలిగిన సంతోషం ఏ ఫోన్ అన్‌బాక్సింగ్‌లోనూ రాలేదు.

మీ దగ్గర గేజ్ లేకపోతే ఫోన్ చాలు. ఒకే రాగి రేకు నుంచి రోలింగ్ దిక్కుకి 0, 45, 90 డిగ్రీల్లో మూడు సమానమైన పట్టీలు కోయండి. ఒక మిల్లీమీటర్ మందం, 150 మిల్లీమీటర్ల పొడవు బాగుంటుంది. పొడవులో ప్రతి చివర నుంచి 22 శాతం దూరంలో, అంటే 33 మిల్లీమీటర్ల దగ్గర, రెండు రబ్బర్ ముక్కల మీద ఆనించి మధ్యలో మెల్లగా తట్టండి. ఫైఫాక్స్ లాంటి యాప్‌లో స్పెక్ట్రమ్ చూడండి, 170 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక శిఖరం కనిపించాలి. ఇది అతిధ్వని కాదు, చెవికి వినిపించేదే, కానీ సూత్రం అదే: బిగువు ఎక్కువున్న పట్టీ స్వరం ఎక్కువ. బిగువు ఫ్రీక్వెన్సీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పొడవులో 1 మిల్లీమీటర్ తేడా వస్తే ఫ్రీక్వెన్సీ 1.3 శాతం మారిపోతుంది, కాబట్టి నాలా తొందరపడి గంతులేయకండి.

ఇది చూడలేనిది ఏమిటి

టెక్స్చర్‌ని చూసే పద్ధతులు వేరేవీ ఉన్నాయి. ఎక్స్-రే డిఫ్రాక్షన్ వివరంగా చెబుతుంది కానీ మెటల్‌లో పై పొరనే చూస్తుంది. ఈబీఎస్‌డీ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పద్ధతి ఒక్కో గ్రెయిన్ దిక్కు చూపిస్తుంది, కానీ ముక్క కోసి అద్దంలా పాలిష్ చేయాలి. న్యూట్రాన్లు లోతుగా వెళ్తాయి, కానీ వాటి కోసం రియాక్టర్ లాంటి పెద్ద వ్యవస్థ దగ్గరికి వెళ్లాలి. అల్ట్రాసౌండ్ మందమంతా చూస్తుంది, చేతి సంచిలో పడుతుంది, శాంపిల్‌ని చెడగొట్టదు.

కానీ దానికి హద్దులున్నాయి. ఈక్వలైజర్‌లో బేస్ వైపు ఉన్న కొన్ని స్లైడర్లు మాత్రమే కనిపించి, మిగతావి కప్పేసి ఉంటే ఎలా ఉంటుందో అలా. రాగి, అల్యూమినియం లాంటి క్యూబిక్ స్ఫటికాల రేకులో తరంగ వేగాలు టెక్స్చర్ గురించి చెప్పగలిగేది మూడు అంకెలే, టైటానియం లాంటి పెన్సిల్ స్ఫటికాలకి అయిదు. సన్నటి వివరాలు వేగంలో కనిపించవు. పైగా మెటల్‌లో మిగిలిపోయిన ఒత్తిడి, గది ఉష్ణోగ్రత కూడా వేగాన్ని కొంచెం కదిలిస్తాయి. వాటిని వేరు చేసుకోవాలి.

ఈ హద్దుల్లోనే ఎంత రాబట్టొచ్చో చూపించినవాళ్లూ ఉన్నారు. లండన్ ఇంపీరియల్ కాలేజ్ పరిశోధకులు శాంపిల్‌ని నీళ్లలో ఉంచి, చాలా కోణాల్లో వేగాలు కొలిచారు. ఒకే స్ఫటికంలో వేగం ఎలా మారుతుందో తెలుసు కాబట్టి, ఫోటోలో బ్లర్ తీసేసినట్టు గణితంతో విడదీసి, పెన్సిళ్లు ఎటు ఎక్కువగా ఉన్నాయో రాబట్టారు. నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో లేజర్‌తో ఉపరితల తరంగాలు పుట్టించి, చుక్క చుక్క దగ్గరా వేగం కొలిచి, గ్రెయిన్ల దిక్కుల రంగుల మ్యాప్ గీస్తున్నారు.

ఇది మనకి దూరపు కథేం కాదు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే జిర్కోనియం అల్లాయ్ ట్యూబులు కూడా పెన్సిల్ స్ఫటికాలవే. రియాక్టర్‌లో ఏళ్ల తరబడి ఉన్నప్పుడు అలాంటి ట్యూబ్ ఎంత సాగుతుంది, లోపల హైడ్రైడ్ పలకలు ఏ దిక్కున ఏర్పడతాయి అన్నవి టెక్స్చర్ మీదే ఆధారపడతాయి.

మళ్లీ ఆ ఫ్యాన్ హబ్ దగ్గరికి

టైటానియం మీద లోడ్ పెట్టి కాసేపు అలాగే ఉంచితే, మెత్తటి దిక్కులో ఉన్న గ్రెయిన్లు మెల్లగా జారి తమ బరువుని పక్కనున్న గట్టి గ్రెయిన్ల మీదికి నెడతాయి. విమానం ప్రతిసారీ టేకాఫ్ అయి పైకి ఎక్కేటప్పుడు జరిగేది ఇదే. మామూలుగా పగులు పుట్టినా, పక్క గ్రెయిన్ దిక్కు వేరు కాబట్టి అక్కడ అడ్డు తగులుతుంది. మాక్రోజోన్‌లో ఆ అడ్డు ఉండదు. డబ్బాలో పేర్చిన పెన్సిళ్లలా అన్నీ ఒకే వైపు ఉంటాయి, పగులుకి దారి దొరికినట్టే.

హబ్‌లకి అల్ట్రాసౌండ్ పరీక్ష కొత్తేమీ కాదు. కానీ ఆ పరీక్ష వెతికేది రంధ్రాల్ని, పగుళ్లని, వేరే పదార్థం ముక్కల్ని. మాక్రోజోన్‌లో అవేవీ లేవు. అదే టైటానియం, అదే సాంద్రత, దిక్కు మాత్రమే వేరు. అసాధారణమైన మాక్రోజోన్లని కోయకుండా పట్టుకునే మార్గం లేకపోవడాన్ని బీఈఏ రిపోర్టు కూడా ప్రస్తావించింది. అందుకే ఇప్పుడు పరిశోధకులు ఎకో వచ్చిన టైమ్ ఒక్కటే కాదు, ఇన్నాళ్లూ నాయిస్ అని పక్కన పెట్టిన సన్నటి గరగరని కూడా వింటున్నారు. 5 మెగాహెర్ట్జ్ దగ్గర టైటానియంలో తరంగదైర్ఘ్యం 1.2 మిల్లీమీటర్లు. చిన్న గ్రెయిన్లు దాన్ని పెద్దగా చెదరగొట్టవు. గుంపుగా చేరిన గ్రెయిన్లు ఒకే పెద్ద గ్రెయిన్‌లా ప్రవర్తించి ఎక్కువ చెదరగొడతాయి, అదీ ఏ వైపు నుంచి పంపామన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ మార్పే వాళ్లకి ఆధారం.

ఆ రీడర్‌కి ఆలస్యంగానైనా జవాబు రాశాను: "తమ్ముడూ, నువ్వడిగింది కరెక్ట్. గ్రేడ్ 5 అన్నది ఏం కలిపారో చెబుతుంది, ఎలా నలిపారో చెప్పదు." పాత రివ్యూలో ఆ లైన్ కూడా మార్చేశాను. ఇప్పుడు అక్కడ "గ్రేడ్ 5 టైటానియం బ్యాండ్, లోపల అల్యూమినియం" అని మాత్రమే ఉంది. "దిగులు అక్కర్లేదు" అన్న మాట తీసేశాను. రాగి పట్టీలు కోసి తట్టినవాళ్లు మీ మూడు ఫ్రీక్వెన్సీలు నాకు పంపండి, అంచులు సాపు చేశాకే సుమా.